శిలాయుగ పరిశోధకుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్

చెన్నై నగరంలోని ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం 1851లో ఏర్పడింది. అమరావతీ స్తూప శిల్పాలను, చోళుల కాలపు కంచు విగ్రహాలను దర్శించడానికి అక్కడికి దేశదేశాల నుంచి సందర్శకులు వస్తారు. ఆ మ్యూజియం పురావస్తు సంపదలో చూపరుల కంటికి అంతగా ఆనని వస్తువులు కూడా వేల సంఖ్యలో ఉన్నాయి. అవి రాతి గొడ్డళ్ళు, రాతి కత్తులు, గీకుడు రాళ్ళు, సుత్తిరాళ్ళు, మట్టి పాత్రల పెంకులు. శిల్పాల వలె వాటికి అందం లేదు. శాసనాల వలె వాటిపై అక్షరాలు లేవు. అయినా దక్షిణ భారతదేశంలో మానవుని ఉనికి ఎంత ప్రాచీనమైనదో చాటిచెప్పే సాక్ష్యాలు అవే. వాటిలో అధికభాగాన్ని ఊరూరా తిరిగి, ఏరి, గుర్తించి, భద్రపరచినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. భారతదేశ ప్రాక్చరిత్ర పరిశోధనకు ఆద్యుడుగా పండితలోకం ఆయనను గౌరవిస్తున్నది.

ఫుట్ 1834 సెప్టెంబరు 22న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించాడు. ఇరవైనాలుగేళ్ళ వయసులో, 1858 డిసెంబరులో, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో ఉద్యోగిగా చేరాడు. ఆ సంస్థ ఆయనను మద్రాసు రాజధానికి పంపింది. కొండలను, లోయలను, నదీతీరాలను కాలినడకన, గుర్రంపైన తిరుగుతూ శిలల స్వభావాన్ని పరిశీలించడం, పటాలు గీయడం, ఖనిజాల ఉనికిని తెలియజేయడం ఆయన విధులు. సంవత్సరంలో చాలా నెలలు గుడారమే ఇల్లు. ఆయన మామ పీటర్ పెర్సివల్ క్రైస్తవ మతాచార్యుడు, ద్రావిడ భాషల పండితుడు. తమిళ సామెతలను సేకరించి ప్రకటించిన పెర్సివల్, 1862లో మద్రాసులో వెలువడిన ఒక తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును కూడా కూర్చాడు. అల్లుడు ఈ నేలలోని రాళ్ళను చదివితే, మామ ఈ నేల మాటలను చదివాడు.

ఫుట్ ఉద్యోగంలో చేరిన కాలం మానవచరిత్ర అధ్యయనంలో ఒక సంధికాలం. మానవుడు ఈ భూమిపై అవతరించి ఆరువేల సంవత్సరాలకు మించలేదని యూరపులో ఎందరో నమ్మేవారు. ఫ్రాన్సు దేశంలో బూషే ద పెర్త్ అనే ఉద్యోగి సోమ్ నదీలోయలోని కంకర పొరల్లో అంతరించిపోయిన జంతువుల ఎముకలతోపాటు చెకుముకి రాతి ఆయుధాలు దొరుకుతున్నాయని ప్రకటించినప్పుడు పండితులు చాలాకాలం పెడచెవిన పెట్టారు. 1859లో ఇంగ్లండు నుంచి జోసెఫ్ ప్రెస్ట్‌విచ్, జాన్ ఇవాన్స్ స్వయంగా వెళ్ళి ఆ పొరలను పరిశీలించి, అతడు చెప్పినది నిజమని అంగీకరించారు. అప్పటితో మానవుని ప్రాచీనత లోకానికి రుజువైంది. అయితే ఆ రుజువు యూరపుకే పరిమితమైంది. భారతదేశంలో అంతటి ప్రాచీన మానవుడు ఉండెనా అన్న ప్రశ్నకు సమాధానం లేదు. లింగసుగూరు ప్రాంతంలో కొన్ని రాతి కత్తులు, ఉత్తరాన టోన్స్ నదీ ప్రాంతంలో కొన్ని నునుపైన రాతి గొడ్డళ్ళు అంతకుముందే దొరికాయి గాని, అవి అంత ప్రాచీనమైనవి కావు.

1863 మే 30వ తేదీన ఆ ప్రశ్నకు సమాధానం లభించింది. మద్రాసు నగరానికి దక్షిణాన పల్లావరం సైనిక శిబిరం సమీపంలో, కవాతు మైదానంలో, కంకర కోసం తవ్విన ఒక గుంట ఉన్నది. ఆ గుంట నుంచి బయట పోసిన ఎర్రని లాటరైటు కంకరలో ఫుట్‌కు ఒక రాయి కనిపించింది. యూరపులో దొరికిన ఆయుధాల వర్ణనలను శ్రద్ధగా చదివి ఉన్న ఆయన దానిని చూడగానే ఆగిపోయాడు. అది క్వార్ట్‌జైటు రాతితో చేసిన చేతిగొడ్డలి. అప్పటికి ఆయన వయసు ఇరవైఎనిమిది సంవత్సరాలు. ఆ దారిన నడిచిన సైనికులు, కంకర తవ్విన కూలీలు, బండ్లు తోలినవారు ఎందరో అటువంటి రాళ్ళను చూసే ఉంటారు. చూసినవారు పలువురు, గుర్తించినవాడు ఒక్కడు.

దారిలో పడి ఉన్న రాయికి, మనిషి చెక్కిన రాయికి భేదం ఎట్లా తెలుస్తుందన్న సందేహం సహజం. ప్రవాహంలో దొర్లిన రాయి అంచులు అరిగి గుండ్రమవుతుంది. ఎండకు, చలికి పగిలిన రాయి ఒక క్రమం లేకుండా చీలుతుంది. మనిషి మరొక రాతితో దెబ్బకొట్టి తీసిన పెచ్చు మాత్రం తల్లిరాతిపై చిప్ప లోపలి భాగం వంటి పల్లాన్ని మిగులుస్తుంది. అటువంటి పల్లాలు రాతికి రెండు వైపులా వరుసగా ఉండి, రెండు అంచులూ పదును తేలి, ఒక కొన సన్నబడి, మరొక కొన పిడికిట ఇమిడేటట్లు ఉంటే, దాని వెనుక ఒక చేయి, ఆ చేతి వెనుక ఒక ఆలోచన ఉన్నాయని నిశ్చయించవచ్చు. చేతిగొడ్డలి సామాన్యంగా బాదంకాయ ఆకారంలో ఉంటుంది. వేటాడిన జంతువును కోయడానికి, ఎముకను పగలగొట్టడానికి, దుంపలను తవ్వడానికి, కొమ్మలను నరకడానికి ఆ ఒక్క సాధనమే ఆధారం. ఆనాటి మనిషికి ఆయుధం వేరు, పనిముట్టు వేరు కావు.

ఒక్క రాయి దొరికినంత మాత్రాన ఒక యుగం రుజువు కాదని ఫుట్ ఎరుగును. అందువల్ల అన్వేషణను కొనసాగించాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 28న సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి మద్రాసుకు వాయవ్యదిశలో ఉన్న అత్తిరంపాక్కం అనే గ్రామం వద్ద, కొసస్తలైయారు నదీలోయలో, అనేక చేతిగొడ్డళ్ళను కనుగొన్నాడు. వాటిలో కొన్ని కదలని పొరల్లోనే దొరికాయి. ఇది చాలా ముఖ్యమైన విషయం. నేలపైన దొరికిన వస్తువు ఎక్కడి నుంచైనా వచ్చి ఉండవచ్చు. పొరలో ఇరుక్కొని ఉన్న వస్తువు ఆ పొర ఏర్పడిన కాలానికి సాక్షి అవుతుంది. ఆ ఆయుధాల రాయి కడప శిలాశ్రేణికి చెందిన క్వార్ట్‌జైటు అని ఫుట్ గుర్తించాడు. తెలుగుసీమ కొండల్లో పుట్టిన గులకరాళ్ళు సత్యవేడు ప్రాంతపు గుట్టల్లో పేరుకొని, అక్కడి నుంచి లోయలకు చేరి, ఆదిమానవుని చేతిలో ఆయుధాలైనాయి.

ఈ పరిశోధన ఫలితాలను ఆయన 1866లో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో ప్రకటించాడు. 1868లో ఇంగ్లండులోని నారిచ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రాక్చరిత్ర మహాసభలో వాటిని పండితుల ముందు ఉంచాడు. యూరపులో చెకుముకి రాతితో చేసిన ఆయుధాలకు, ఇక్కడ క్వార్ట్‌జైటుతో చేసిన ఆయుధాలకు ఆకారంలో గల పోలిక అందరినీ ఆశ్చర్యపరచింది. భారతదేశ చరిత్ర గ్రంథస్థమైన కాలం కంటె ఎన్నో రెట్లు ముందు నుంచే ఈ గడ్డపై మానవుడు సంచరించాడని అప్పటి నుంచి ప్రపంచం అంగీకరించింది.

ఫుట్ జీవితంలో తెలుగు ప్రాంతాలకు గొప్ప స్థానం ఉన్నది. తూర్పుతీరంలో 15వ ఉత్తర అక్షాంశం నుంచి మచిలీపట్నం వరకు గల భూభాగాన్ని సర్వే చేసి ఆయన రచించిన గ్రంథం 1879లో సర్వేక్షణ సంస్థ ప్రచురణగా వెలువడింది. అంతకంటె ప్రసిద్ధమైనది బిల్లసర్గం గుహల పరిశోధన. నేటి నంద్యాల జిల్లాలో బేతంచెర్లకు సమీపంలో సున్నపురాతి కొండల్లో ఈ గుహలు ఉన్నాయి. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ అనే సైనికాధికారి అక్కడ ప్రాచీన జంతువుల ఎముకలను చూసి లోకానికి తెలిపాడు. తరువాత నలభై సంవత్సరాలు ఆ గుహలను ఎవరూ పట్టించుకోలేదు. ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త టి.హెచ్. హక్స్‌లీ ప్రోత్సాహంతో మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ వాటి పరిశోధనకు పూనుకొన్నాడు. ఆ బాధ్యత ఫుట్‌పై పడింది. 1884లో తవ్వకాలు ప్రారంభించిన ఫుట్, సర్వేక్షణ పనులు తనను మరొకచోటికి పిలవగా, సైన్యంలో పనిచేస్తున్న తన కుమారుడు హెన్రీ బ్రూస్ ఫుట్‌కు ఆ పనిని అప్పగించాడు.

ఆ గుహల మట్టి పొరల నుంచి అసంఖ్యాకంగా ఎముకలు బయటపడ్డాయి. లిడెకర్ అనే శాస్త్రవేత్త వాటిని పరీక్షించాడు. నేడు దక్షిణ భారతదేశంలో ఎక్కడా కానరాని ఖడ్గమృగం ఒకప్పుడు కర్నూలు సీమలో తిరుగాడిందని ఆ ఎముకలు తెలిపాయి. ఆ ఖడ్గమృగ జాతికి లిడెకర్ కర్నూలు పేరునే జోడించాడు. కొన్ని ఎముకలు మనిషి చేత చెక్కబడి, సూదులుగా, బాణపు మొనలుగా మలచబడినవని ఫుట్ అభిప్రాయపడ్డాడు. ఎముక ఆయుధాలు భారతదేశంలో ఉన్నాయన్న మాటను చాలామంది నమ్మలేదు. ఫుట్ మరణించిన అరవై ఏళ్ళ తరువాత, 1970 దశకంలో, ఎం.ఎల్.కె. మూర్తి ఆ ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమానుగవిలో తవ్వకాలు జరిపాడు. అక్కడ రాతి పనిముట్లతోపాటు ఎముక పనిముట్లు కూడా లభించాయి. ఫుట్ అభిప్రాయానికి ఆవిధంగా బలం చేకూరింది.

పాత రాతియుగంతోనే ఫుట్ కృషి ఆగిపోలేదు. కొత్త రాతియుగపు మనిషి రాతిని చెక్కడంతో తృప్తిపడక, అరగదీసి, నునుపుచేసి గొడ్డళ్ళు తయారుచేశాడు. వ్యవసాయం, పశుపోషణ, కుండల తయారీ నేర్చాడు. బళ్ళారి జిల్లాలోని కప్పగల్లు కొండ వద్ద ఇటువంటి గొడ్డళ్ళను పెద్ద ఎత్తున తయారుచేసిన స్థలాన్ని ఫుట్ పరిశీలించాడు. చెక్కడం మొదలుపెట్టి విడిచినవి, సగం చెక్కినవి, విరిగినవి, పూర్తయినవి అన్నీ అక్కడ దొరికాయి. ఒక గొడ్డలి తయారీలోని దశలన్నీ ఆ కొండపై వరుసగా కనిపించాయి. సామాన్యులు పనికిరావని పారవేసే ముక్కలే పరిశోధకునికి ఎక్కువ విషయాలు చెబుతాయనడానికి ఇది చక్కని నిదర్శనం.

బళ్ళారి పరిసరాల్లో కుడితిని మొదలైన చోట్ల పెద్దపెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. అవి పూర్వకాలపు రాక్షసుల చితాభస్మమని స్థానికులు కథలు చెప్పుకొనేవారు. ఫుట్ ఆ దిబ్బల్లో కొత్త రాతియుగపు గొడ్డళ్ళను, కుండ పెంకులను గుర్తించి, అవి ఆ యుగానికి చెందిన పశుపాలకులవని, పశువుల పేడ కాలడం వల్ల ఏర్పడినవని భావించాడు. ఈ అభిప్రాయంపై వాదోపవాదాలు జరిగాయి. 1957లో పాలమూరు జిల్లా ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ ఒక బూడిద దిబ్బను తవ్వాడు. పశువులను కట్టివేసిన దొడ్డి గుర్తులు, మట్టిలో నిలిచిపోయిన గిట్టల ముద్రలు అక్కడ బయటపడ్డాయి. కొత్త రాతియుగపు పశుపాలకులు పేడను పోగుచేసి తగులబెట్టగా ఆ దిబ్బలు ఏర్పడినాయని స్పష్టమైంది. తెలంగాణ గడ్డపై దొరికిన ఆ గిట్టల ముద్రలు ఫుట్ ఊహకు ముద్రవేసినట్లయింది.

ఫుట్ చెప్పినవన్నీ కాలపరీక్షకు నిలిచాయని అనుకోరాదు. లాటరైటు పొరలు సముద్రజలాల్లో పేరుకొన్నవని ఆయన తొలిదశలో భావించాడు. ఆ భావన నిలువలేదు. పాత రాతియుగానికి, కొత్త రాతియుగానికి నడుమ చాలాకాలం మానవసంచారం లేని ఖాళీ ఉన్నదని తలచాడు. తరువాతి పరిశోధకులు మధ్య శిలాయుగపు ఆధారాలతో ఆ ఖాళీని పూరించారు. అయితే ఆయన భావనలను సరిదిద్దడానికి వారికి ఉపకరించినవి చాలావరకు ఆయన నమోదుచేసిన స్థలవివరాలే. 1941లో గుజరాతులో ప్రాక్చరిత్ర పరిశోధన ప్రారంభించిన హెచ్.డి. సంకాలియా కూడా ఫుట్ చూపిన దారినే సబర్మతీ లోయకు వెళ్ళాడు.

ముప్ఫైమూడు సంవత్సరాల సేవ అనంతరం 1891లో ఫుట్ సర్వేక్షణ సంస్థ నుంచి పదవీవిరమణ చేశాడు. సహోద్యోగులు అనేకులు స్వదేశానికి తిరిగిపోయినా ఆయన భారతదేశాన్ని విడువలేదు. బరోడా సంస్థానంలోను, తరువాత మైసూరు సంస్థానంలోను భూగర్భ పరిశోధకుడుగా పనిచేశాడు. ఎక్కడ పనిచేసినా రాతి ఆయుధాల సేకరణను మానలేదు. చివరికి సేలం జిల్లాలోని షెవరాయి కొండలపై ఏర్కాడులో స్థిరపడ్డాడు.

ఆనాటికి ఆయన వద్ద నాలుగు దశాబ్దాల సేకరణ పోగుపడింది. దక్షిణ, పశ్చిమ భారతాల్లో సుమారు 450 స్థలాల నుంచి తెచ్చిన వస్తువులవి. వయసు డెబ్భై సమీపించింది. తన తరువాత వాటి గతి ఏమిటన్న ప్రశ్న ఎదురైంది. అటువంటి సేకరణలు వారసుల చేతుల్లో చెదిరిపోవడం, విడివిడిగా అమ్ముడుపోవడం లోకంలో పరిపాటి. ఏ వస్తువు ఎక్కడ దొరికిందో చెప్పగలవాడు గతించిన మరుక్షణం అవి మళ్ళీ ఉత్త రాళ్ళుగా మారిపోతాయి. 1904లో మద్రాసు ప్రభుత్వం ఆ సేకరణను కొని ఎగ్మూరు మ్యూజియంలో చేర్చింది. ఈ నేలలో దొరికిన వస్తువులు ఈ నేలపైనే, విడిపోకుండా, ఒక్కచోట నిలిచాయి.

వస్తువులను అప్పగించడంతో తన బాధ్యత తీరిందని ఫుట్ అనుకోలేదు. ఒక్కొక్క రాయికి సంఖ్య వేసి, దొరికిన జిల్లా, గ్రామం, రాతి జాతి, ఆకారం, ఉపయోగం వివరిస్తూ సవిమర్శకమైన పట్టికను తయారుచేయ పూనుకొన్నాడు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆ శ్రమ సాగింది. ఆ గ్రంథం అచ్చులో వెలువడక ముందే, 1912 డిసెంబరు 29న, డెబ్భైఎనిమిదవ ఏట ఆయన కలకత్తాలో కన్నుమూశాడు. ఏర్కాడులోని హోలీ ట్రినిటీ చర్చిలో ఆయన స్మారకం ఉన్నది. మద్రాసు మ్యూజియం 1914లో ఆ పట్టికను, 1916లో యుగ విభజనను, స్థలవ్యాప్తిని చర్చించే రెండవ సంపుటాన్ని ప్రకటించింది. కర్త చూడలేని ఆ పుస్తకాలు దక్షిణభారత ప్రాక్చరిత్రకు మూలగ్రంథాలైనాయి.

ఫుట్ చేతిగొడ్డలి దొరికిన పొరకు ప్రాచీనతను నిర్ణయించగలిగాడు గాని, అది ఎన్ని సంవత్సరాల నాటిదో చెప్పగల సాధనాలు ఆనాడు లేవు. ఆ లెక్క తేలడానికి దాదాపు నూటయాభై సంవత్సరాలు పట్టింది. శాంతి పప్పు, ఆమె సహచరులు అత్తిరంపాక్కంలో సంవత్సరాల తరబడి తవ్వకాలు జరిపి, 2011లో తమ ఫలితాలను ప్రకటించారు. ఫుట్, కింగ్ నడిచిన ఆ చోట అట్టడుగు పొరల్లోని ఆయుధాలు సుమారు 15 లక్షల సంవత్సరాల నాటివని అందులో తేలింది. అక్కడి పై పొరల్లో మరింత మెరుగైన పనితనం గల పరికరాలు 3,85,000 సంవత్సరాల క్రితమే మొదలైనాయని 2018లో వారు నిరూపించారు.

రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు లేని కాలానికి కూడా చరిత్ర ఉంటుందని రాబర్ట్ బ్రూస్ ఫుట్ జీవితం తెలుపుతున్నది. ఆయన జీతం భూగర్భ సర్వేకు వచ్చింది, కీర్తి మాత్రం ఆ విధుల నడుమ ఆయన చేసిన సేకరణ వల్ల వచ్చింది. చూసినదానిని గుర్తించే విద్య, గుర్తించినదానిని వెంటనే వ్రాసిపెట్టే అలవాటు, సేకరించినదానిని లోకానికి అప్పగించే ఔదార్యం ఆయనలో ఒక్కటిగా కలిశాయి. మన గ్రామాల గుట్టలపైన, చెరువు గట్లపైన, పొలాల దున్నుళ్ళలో రాతి పనిముట్లు నేటికీ బయటపడుతున్నాయి. కంకర క్వారీల కింద, రోడ్ల కింద ఎన్నో నశిస్తున్నాయి. అటువంటి వస్తువు కంటబడినప్పుడు దానిని ఇంటికి తెచ్చి అలంకారంగా పెట్టుకోవడం వల్ల చరిత్రకు మేలు జరగదు. అది దొరికిన చోటును గుర్తించి పురావస్తుశాఖకు తెలియజేయాలి. పేరులేని ఆ శిల్పికి, లక్షల ఏళ్ళ నాడు రాతిపై మొదటి దెబ్బ కొట్టిన ఆ చేతికి, మనం చేయగల న్యాయం అదే.